పాత కంప్యూటర్‌ను తుక్కుకు అమ్మే ముందు

మన బస్తీలో ఇప్పుడు చాలా ఇండ్లల్లో ఒక పాత కంప్యూటర్ ఉంటది. కొడుకో బిడ్డో కాలేజీ చదివేటప్పుడు అప్పు చేసి కొన్నది. ఇప్పుడు దాని మీద పాత చద్దర్ కప్పి మూలకు పెడ్తరు. అడిగితే "అది ఖరాబైంది" అంటరు. ఏం ఖరాబైంది అని మళ్లీ అడిగితే జవాబు ఉండదు. మిషన్ ఖరాబవుడు వేరు, మిషన్‌లో ఉన్న సిస్టం పాతబడుడు వేరు. ఈ రెండింటికి తేడా తెల్వక మనోళ్లు బాగున్న మిషన్లను కిలో లెక్కన అమ్ముకుంటున్నరు. అందుకే మా ఇంట్లో చేసిన పని ఇక్కడ రాస్తున్న.

నేను నాలుగో తరగతి దాక తెలుగు బడిలో చదివిన మనిషిని. షోలాపూర్‌లో మొదలు గిర్నిలో, గిర్ని మూతబడ్డ తర్వాత చద్దర్ కారఖానాలో, అంతా కలిపి నలభై ఏండ్లు పనిచేసిన. కంప్యూటర్ చదువు నాకు లేదు. నాతోని అయిన పని మీతోని కూడా అయితది.

ముందు సిస్టం అంటే ఏందో చెప్త. జకార్డు సాంచె నడిపినోళ్లకు ఇది తొందరగా అర్థమైతది. సాంచె అంటే ఇనుప చట్రం, మోటారు, నాడె, పన్నె. దానంతట దానికి పువ్వు తెల్వదు, నెమలి తెల్వదు. ఏ పోగు లేవాలె, ఏ పోగు లేవొద్దు అని పైన తిరిగే అట్టల దండ చెప్తది. ఒక్కొక్క పేక పోగుకు ఒక్కొక్క అట్ట. అట్టలో రంధ్రం ఉన్నచోట కొక్కెం లేస్తది, దానికి కట్టిన పడుగు పోగు లేస్తది. రంధ్రం లేనిచోట పోగు కిందనే ఉంటది. డిజైన్ మార్చాలంటే అట్టలు మారుస్తం గని సాంచెను తుక్కుకు అమ్మం.

ఈ అట్టల పద్ధతిని 1804లో ఫ్రాన్స్ దేశంలో లియోన్ పట్నపు జోసెఫ్ మారీ జకార్డ్ అనే ఆయన తెచ్చిండు. మన మిషన్‌కు ఆయన పేరే వచ్చింది. తర్వాత 1830లలో ఇంగ్లండులో చార్లెస్ బాబేజ్ అనే ఆయన లెక్కలు చేసే యంత్రాన్ని ఆలోచించినప్పుడు, దానికి హుకుం ఇచ్చేందుకు ఈ నేత అట్టల పద్ధతినే తీసుకున్నడు. 1890లో అమెరికా జనాభా లెక్కలు కూడా రంధ్రాలు పొడిచిన అట్టలతోనే మిషన్ల మీద లెక్కబెట్టిన్రు. అంటే కంప్యూటర్ మన పనికి దూరపు చుట్టమేం కాదు.

కంప్యూటర్‌లో ఆపరేటింగ్ సిస్టం ఖాతాలో జాబర్ అసుంటిది. ఏ పనికి ఎంత జాగా ఇయ్యాలె, ఎవరిది ముందు, ఎవరిది తర్వాత, ప్రింటర్‌కు ఎప్పుడు చెప్పాలె, అన్నీ అదే చూస్తది. మనం ఉత్తరం రాసినా, ఫోటో చూసినా, నెట్ తెరిచినా ఆ పనులన్నీ సిస్టం చేతి కిందనే నడుస్తయి. జాబర్ మారినంత మాత్రాన సాంచె మారదు కద. అట్లనే ఉన్న కంప్యూటర్ మీదనే వేరే సిస్టం ఎక్కించుకోవచ్చు.

మా ఇంటి కంప్యూటర్ 2014లో కొన్నది. మా కొడుకు లెక్కల పని నేర్చుకునేటప్పుడు తెచ్చినం. తర్వాత మనుమరాలి చదువుకు పనికొచ్చింది. దాంట్లో విండోస్ 10 ఉండె. విండోస్ 10కు కంపెనీ ఇచ్చే మామూలు భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయినయి. కావాలన్నోళ్లు నమోదు చేసుకుంటే ఇంకో ఏడాది ఇస్తమని కంపెనీ చెప్పింది. అప్‌డేట్లు ఆగినంత మాత్రాన కంప్యూటర్ బందు కాదు. కాని కొత్తగా బయటపడే దొంగ దారులను మూసేటోళ్లు ఉండరు. తలుపు ఉంటది గని గొళ్లెం వదులైనట్టు. దాని తర్వాతిది విండోస్ 11 ఎక్కించాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు, కొత్త తరం ప్రాసెసర్ కావాలె. 2014 మిషన్‌లో అవి లేవు.

అప్పటికే మా మిషన్ తెరుచుకునేందుకు పది నిమిషాలు పడుతుండె. మనుమరాలి స్కాలర్‌షిప్ అర్జీకి ఆఖరు తేదీ పదిహేను రోజుల్లో ఉంది. మా కొడుకు దుకాణం కాడికి పోయి అడిగి వచ్చిండు. "ముప్పై రెండు వేలైతదట నాయినా. నెల నెలా కిస్తీ కట్టొచ్చట. పాతదానికి ఎనిమిది వందలిస్తరట" అన్నడు.

ఇంట్లో అప్పటికే రెండు కిస్తీలు నడుస్తున్నయి. మా ఇంటామె బీడీలు చుట్టి కూడబెట్టిన పైసలు ఎప్పుడో అయిపోయినయి. నా పెన్షన్ ఎంతో గిర్ని వాళ్లందరికీ తెలిసిందే. నేను అన్న: "వారం రోజులు నాకియ్యిరా. కాకపోతే అప్పుడు కొందాం." వాడు నవ్వలేదు గని నమ్మలేదు కూడా.

మా గల్లీలోనే ఒక పిలగాడు పాలిటెక్నిక్ చదువుతున్నడు. వాణ్ని కూసోబెట్టుకున్న. వానికి కంప్యూటర్ తెలుసు, నాకు మిషన్ తెలుసు. జాబర్ల దగ్గర నేను నేర్చుకున్న పద్ధతి ఒకటుంది: మిషన్ ఆగితే ముందు చూపుతో చూడాలె, చెవితో వినాలె, అప్పుడు చెయ్యి పెట్టాలె. ఒక్కసారికి ఒక్కటే మార్చాలె. రెండు ఒకేసారి మారిస్తే దేనితోని బాగైందో తెల్వదు. ఈ పద్ధతే కంప్యూటర్‌కు కూడా పెట్టినం.

మొదటి రోజు కరెంటు తీగ పీకి, డబ్బా పక్క రేకు తీసినం. లోపల దుమ్ము, దూది నుసి గడ్డకట్టి ఉంది. గిర్నిలో పనిచేసినోళ్ల ఇండ్లు కద. మెత్తటి కుంచెతోని ఫ్యాను, దాని కింద రేకులు శుభ్రం చేసినం. ఆ రేకులకు గాలి తగలకుంటే ప్రాసెసర్ వేడెక్కి, తనను తాను కాపాడుకునేందుకు నెమ్మదిగా నడుస్తది. ర్యామ్ పట్టీని తీసి, దాని బంగారు రంగు అంచును పిల్లలు వాడే రబ్బరుతో మెల్లగ రుద్ది మళ్లీ పెట్టినం. పెట్టేటప్పుడు రెండు పక్కల టిక్కుమనాలె.

రెండో సంగతి తేదీ. కంప్యూటర్ ఆపి కరెంటు తీసిన ప్రతిసారి దాని తేదీ ఏండ్ల వెనక్కి పోతుండె. దాంతో బ్యాంకు సైటు, అర్జీ సైటు తెరిస్తే "ఈ కనెక్షన్ సురక్షితం కాదు" అని వస్తుండె. ఇంట్లో అందరూ వైరస్ అనుకున్నరు. సంగతేందంటే, సైట్లు చూపించే ధ్రువపత్రానికి మొదటి తేదీ, చివరి తేదీ ఉంటయి. మన మిషన్ తేదీ తప్పైతే ఆ పత్రం చెల్లదని అనుకుంటది. మదర్‌బోర్డు మీద సీఆర్2032 అనే రూపాయి బిళ్ల అసుంటి సెల్లు ఒకటి ఉంటది. కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపేది అదే. నలభై రూపాయలు పెట్టి కొత్తది వేసి, తేదీ సరిచేస్తే ఆ సైట్లన్నీ తెరుచుకున్నయి. నలభై రూపాయల సెల్లు కోసం కంప్యూటర్ అమ్ముకున్నోళ్లు మన బస్తీలో ఎందరున్నరో.

మూడోది హార్డ్ డిస్క్. పాత డిస్క్‌లో పళ్లెం గుండ్రంగ తిరుగుతది, సూది అసుంటిది వెతుకుతది. అందుకే ఆలస్యం. ఎస్‌ఎస్‌డీ అనే కొత్త రకంలో తిరిగేదేం ఉండదు. 240 జీబీ ఎస్‌ఎస్‌డీ ఒకటి 1,700కు, వాడిన 4 జీబీ ర్యామ్ పట్టీ ఒకటి 600కు కొన్నం. పెన్ డ్రైవ్‌కు 350. సెల్లుతో కలిపి మొత్తం 2,690 రూపాయలు. ధరలు ఎక్కుతయి, దిగుతయి, అడిగి కొనండి. ర్యామ్ కొనేటప్పుడు పాత పట్టీని జేబులో పెట్టుకొని పోండి. మాది డీడీఆర్3 రకం, వేరే రకం దాంట్లో పట్టదు.

ఇక సిస్టం. మేము లినక్స్ ఎంచుకున్నం. 1991లో ఫిన్లాండ్ దేశంలో లినస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి దీన్ని మొదలుపెట్టిండు. తర్వాత లోకంలో వేలమంది చెయ్యి వేసిన్రు. పైసలియ్యక్కర లేదు, దొంగ కాపీ కూడా కాదు. ఎవరైనా తీసుకోవచ్చు, ఇంకొకరికి ఇయ్యొచ్చు. మన ఆండ్రాయిడ్ ఫోన్ల లోపల ఉన్న గుజ్జు కూడా లినక్సే. దీంట్లో రకాలు శానా ఉన్నయి. మేము వేసుకున్నది లినక్స్ మింట్, దాంట్లో కూడా ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలిక రకం. 22వ వరుస, దీనికి 2029 దాక అప్‌డేట్లు వస్తయి. 2 జీబీ ర్యామ్ ఉన్నా నడుస్తది, 4 ఉంటే మంచిది. విండోస్ అలవాటైనోళ్లకు ఇది కొత్తగా అనిపించదు: కింద పట్టీ, ఎడమ మూలన మెనూ.

పిలగాడు మింట్ సైటు నుంచి ఫైలు దించిండు. మూడు జీబీకి దగ్గర ఉంటది. దాన్ని పెన్ డ్రైవ్‌లో మామూలుగా కాపీ చేస్తే పనిచేయదు. రూఫస్, ఎచర్ అని చిన్న ప్రోగ్రాములు ఉంటయి, వాటితో ఎక్కించాలె. ఎక్కిస్తే పెన్ డ్రైవ్‌లో పాతవన్నీ పోతయి, కాబట్టి ఖాళీది పెట్టండి. కంప్యూటర్ మొదలుపెట్టంగనే ఎఫ్12 నొక్కితే దేని నుంచి మొదలుపెట్టాలె అని అడుగుతది. కొన్ని మిషన్లలో ఈ మీట ఎస్కేప్, కొన్నిటిలో ఎఫ్9. పెన్ డ్రైవ్ ఎంచుకుంటే చాలు.

ఇక్కడ నాకు నచ్చిన సంగతి ఒకటి ఉంది. డిస్క్ మీద ఏం రాయకుండనే పెన్ డ్రైవ్ నుంచి మొత్తం సిస్టం నడిపి చూడొచ్చు. గజం బట్ట ముందు నేసి చూసినట్టు. సౌండ్ వస్తుందా, ప్రింటర్ కనిపిస్తుందా, వైఫై పడుతుందా అని అన్నీ చూసుకున్నం. బాగుంటేనే ఎక్కించాలె, లేకుంటే పెన్ డ్రైవ్ పీకేస్తే పాతది పాతట్లనే ఉంటది.

ఎక్కించే ముందు రెండు జాగ్రత్తలు. ఒకటి, ఫోటోలు, మార్కుల కాగితాలు, పెన్షన్ కాగితాలు వేరే డిస్క్‌లోకి తీయాలె. రెండోది, పాత డిస్క్ తీగ పీకి పక్కన పెట్టాలె. ఎక్కించేటప్పుడు "డిస్క్ తుడిచి ఎక్కించు" అనే మాట వస్తది. తీగ పీకి ఉంటే తుడిచేది కొత్త ఎస్‌ఎస్‌డీనే అని నిమ్మళంగ ఉండొచ్చు. భాష, కీబోర్డు, ఊరి సమయం, పేరు, పాస్‌వర్డు అడిగి, అర్ధగంటలో పని ముగిసింది.

తర్వాత రెండు చిక్కులు వచ్చినయి. మొదటిది, పాత డిస్క్ తీగ మళ్లీ పెట్టంగనే పాత విండోసే తెరుచుకున్నది. మనుమరాలు "అంతా పాయె తాతా" అన్నది. ఏం పోలేదు. మిషన్ ముందు ఏ డిస్క్ చూడాలె అనే వరుస బయోస్ అనేచోట రాసి ఉంటది. మా మిషన్‌లో ఎఫ్2 నొక్కి లోపలికి పోయి ఎస్‌ఎస్‌డీని మొదటి వరుసకు తెచ్చినం. రెండోది వైఫై. మేము తర్వాత తెచ్చి పెట్టిన చిన్న వైఫై ముక్కను కొత్త సిస్టం గుర్తుపట్టలేదు. దానికి కావాల్సిన డ్రైవర్ నెట్‌లో ఉంది, నెట్టేమో లేదు. పిలగాడు ఫోన్‌ను ఛార్జింగ్ తీగతో కంప్యూటర్‌కు కలిపి, ఫోన్‌లో యూఎస్‌బీ టెథరింగ్ అనేది నొక్కిండు. ఫోన్ నెట్ కంప్యూటర్‌కు వచ్చింది. మింట్‌లో డ్రైవర్ మేనేజర్ తెరిచి కావాల్సింది వేసినం. ఈ ఉపాయం గుర్తుపెట్టుకోండి, శానా సార్లు పనికొస్తది.

మనకు తగ్గట్టు సర్దుకునుడు తర్వాతి పని. నా కండ్లకు అక్షరాలు చిన్నగ కనిపిస్తుండె. అపియరెన్స్‌లో ఫాంట్స్ అనేచోట డీపీఐ 96 ఉండె, దాన్ని 120 చేసినం. అక్షరాలన్నీ పెద్దగైనయి. ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కొక్క లాగిన్ పెట్టినం. నా లాగిన్‌లో భాష తెలుగు. అన్ని మాటలూ తెలుగులోకి రాలేదు, కొన్ని ఇంగ్లీషులోనే ఉంటయి. అయినా "ఫైలు" అని తెలుగులో కనిపిస్తే చెయ్యి వణకదు. మనుమరాలి లాగిన్ ఇంగ్లీషులోనే ఉంది.

అసలు నాకు ముఖ్యమైనది తెలుగు టైపింగ్. మన పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడుతరు గని చదువు మరాఠీలో, ఇంగ్లీషులో. మా మనుమరాలు తెలుగు అక్షరాలను బొమ్మల లెక్క చూస్తది. సిరిసిల్ల నుంచి చుట్టాలు తెలుగులో మెసేజ్ పెడితే నా కాడికి పట్టుకొచ్చి "చదువు తాతా" అంటది. నా తర్వాత ఎవరు చదవాలె అని నాకు మనసులో ఉంటుండె.

కీబోర్డు సెట్టింగ్‌లో లేఅవుట్ అనేచోట తెలుగు కలిపినం. ఆల్ట్, షిఫ్ట్ రెండూ కలిపి నొక్కితే ఇంగ్లీషు నుంచి తెలుగుకు మారేటట్టు పెట్టినం. అది ఇన్‌స్క్రిప్ట్ పద్ధతి. మన దేశపు శానా భాషలకు ఒకే వరుసలో అక్షరాలు ఉండేటట్టు చేసిన పద్ధతి ఇది. మనుమరాలు మరాఠీ టైపింగ్ ఇదే పద్ధతిలో నేర్చుకున్నది. తెలుగు పెట్టి ఇంగ్లీషు కె మీట నొక్కింది, క వచ్చింది. ఎల్ నొక్కితే త, వి నొక్కితే న. "తాతా, ఇవన్నీ మరాఠీవి ఉన్నచోటనే ఉన్నయి!" అన్నది. షిఫ్ట్ పట్టి ఎన్ నొక్కితే ళ వచ్చింది. హిందీలో రాయని ఆ ళ మరాఠీలో ఉంది, మనకూ ఉంది, ఒకే మీట మీద ఉంది. పొట్టి ఎ, పొట్టి ఒ మాత్రం మరాఠీలో లేవు. అవి జెడ్ మీట మీద, ఒకటి అంకె పక్కన ఎడమ మూల మీట మీద ఉంటయి. షిఫ్ట్ పట్టకుంటే గుణింతం గుర్తు, పడితే అక్షరం వస్తది. ఆ రెండు కొత్తగా నేర్చుకున్నది.

వేలికి తెలిసిన అక్షరం కంటికి తెల్వకుండ ఉండదు. నేను చెప్తుంటే ఆ పిల్ల కొడుతది, తెర మీద వచ్చింది చూస్తది. మూడు నెలల్లో చుట్టాల మెసేజ్‌లు తానే చదువుతున్నది. ఒత్తుల దగ్గర ఇంకా ఆగుతది, ఆగనీ. ఈ వ్యాసం కూడా నేను చెప్తే తానే కొట్టింది.

ఫాంట్ల గురించి ఒక మాట. పాత పెండ్లి పత్రికల ఫైళ్లు, ప్రెస్‌లో అను ఫాంట్లతో చేసినవి, మన కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చి గుర్తులు కనిపిస్తయి. ఫైలు ఖరాబు కాలేదు. ఆ ఫాంట్లు యూనికోడ్ రాకముందటి పద్ధతివి, ఇంగ్లీషు అక్షరాల స్థానంలో తెలుగు ముక్కలు పెట్టుకున్నవి. ఆ ఫాంట్ ఉన్నచోటనే అవి తెలుగు లెక్క కనిపిస్తయి. 1991లో వచ్చిన యూనికోడ్‌లో తెలుగు అక్షరాలకు సొంత జాగా ఉంది. ఆ పద్ధతిలో కొట్టింది ఫోన్‌లో, కంప్యూటర్‌లో, ఎక్కడైనా తెలుగుగానే ఉంటది. ఇకముందు దాచుకునేవి యూనికోడ్‌లోనే దాచుకోండి.

లినక్స్‌లో కానివి కూడా చెప్పాలె. లెక్కల ప్రోగ్రాములు, వేలిముద్ర మిషన్లు, పరీక్షల సాఫ్ట్‌వేర్లు కొన్ని విండోస్‌లోనే నడుస్తయి. మా కొడుకు దుకాణం లెక్కల పని అక్కడి కంప్యూటర్ మీదనే చేస్తడు. అసుంటి అవసరం ఇంట్లో ఉన్నోళ్లు రెండు సిస్టంలు పక్కపక్కన పెట్టుకోవచ్చు. ఉత్తరాలకు, లెక్కల పట్టీలకు లిబర్ ఆఫీస్, నెట్‌కు ఫైర్‌ఫాక్స్ మింట్‌తోనే వస్తయి. లినక్స్ అని బేఫికర్‌గ కూడా ఉండొద్దు. అప్‌డేట్లు వచ్చినప్పుడు వేసుకోవాలె. టైమ్‌షిఫ్ట్ అనేది పెట్టుకుంటే ఏదైనా తేడా వచ్చినప్పుడు సిస్టంను నిన్నటి స్థితికి తీసుకపోవచ్చు. అది సిస్టం వరకే, ఫోటోలు వేరే డిస్క్‌లో దాచాల్సిందే. "మీ కంప్యూటర్‌లో వైరస్ ఉంది" అని ఎవరన్న ఫోన్ చేస్తే పెట్టేయండి, ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు. పైసలు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

స్కాలర్‌షిప్ అర్జీ ఆఖరు తేదీకి నాలుగు రోజుల ముందే పోయింది. కిస్తీ తప్పింది. మా కొడుకు ఏం అనలేదు, మెల్లగ వచ్చి "నాయినా, నాకు కూడా ఒక లాగిన్ పెట్టు" అన్నడు.

మీ ఇంట్లో మిషన్ ఉంటే ముందు మొదలుపెట్టి చూడండి. బీప్‌లు ఎన్ని వస్తున్నయో లెక్కపెట్టండి. తెర మీద ఏం రాసొస్తే అది ఫోన్‌తో ఫోటో తీయండి. తేదీ చూడండి, దుమ్ము చూడండి. ఆ తర్వాతనే దుకాణానికి పోండి. అప్పుడు మీరు అడిగే మాట వేరే ఉంటది, వాళ్లు చెప్పే ధర కూడా వేరే ఉంటది. నేను చేసిన పనులన్నీ వరుసగా ఆరు పేజీలు తెలుగులో రాసి పెట్టిన. కావాలన్నోళ్లు వచ్చి జిరాక్స్ తీసుకపోండి.